పలుపు కట్టిన పరుగు

నేడు మీరు చేతిలోని మీట నొక్కి బొమ్మకారును ఎటు కావలిస్తే అటు తిప్పుతున్నారు. 1930ల చివర ఆ సౌకర్యం లేదు. అందుచేత అమెరికాలో కొందరు మరొక ఉపాయం పన్నారు. నున్నని బాట నడుమ స్తంభం నిలిపి, చిన్న కారును ఉక్కుతీగతో దానికి కట్టి, గానుగెద్దువలె చుట్టూ పరుగెత్తించారు. ఇవే టెథర్ కార్లు. టెథర్ అనగా పలుపు, ఆవును రాటకు కట్టే తాడు. కాలిఫోర్నియాలో డూలింగ్ సోదరులు నిర్మించిన కార్లు ఈ పందాలలో మిక్కిలి పేరు పొందాయి.

వీటిని గ్యాస్ కార్లని కూడా పిలిచేవారు. వంటింటి సిలిండరును తలచుకోకండి. అమెరికాలో గ్యాస్ అంటే పెట్రోలే. పెద్ద ఇంజనులో సైతం ముషలకం కదిలే చోటు 10 ఘన సెంటీమీటర్లు, అనగా రెండు చిన్న చెంచాల నీరు పట్టేంత. మొదట పెట్రోలులో నూనె కలిపి, బ్యాటరీతో నిప్పురవ్వ పుట్టించేవారు. ఆ బ్యాటరీని కారు మోయవలసి వచ్చేది. 1947లో రే ఆర్డెన్ అమ్మకానికి తెచ్చిన గ్లో ప్లగ్గు ఆ బరువును దించింది. ఒకసారి ఇంజను అంటుకొంటే అందులోని సన్నని తీగ ఆ వేడికే ఎర్రగా కాగుతూ ఉంటుంది. ఇంధనం మిథనాలు, దానిలో ఆముదం! అవును, మన అమ్మమ్మలు తలకు రాసే ఆముదమే. ఎక్కువ వేడిలోనూ అది లోహాన్ని అంటిపెట్టుకొని అరుగుదలను తగ్గిస్తుంది.

కారును కర్రతో నెట్టి వదలిన పిమ్మట యజమాని చేయగలిగినది చూడడమే. వారాల తరబడి చేసిన పనిలోని మంచిచెడ్డలు అర నిమిషంలో తేలిపోతాయి. నాకు ఈ క్రీడలో నచ్చినది అదే. ఆపడానికి మాత్రం చీపురువంటిది అడ్డుపెట్టి, కారుపై నిలిచిన సన్నని మీటను తాకించేవారు, ఇంధనం ఆగిపోయేది.

ఇక లెక్క. వృత్తం వ్యాసం 70 అడుగులైతే చుట్టుకొలత 220 అడుగులు. 24 చుట్లకు ఒక మైలు. గంటకు 100 మైళ్ల వేగంలో ఒక్కొక్క చుట్టుకు ఒకటిన్నర సెకను. అప్పుడు తీగపై లాగుడు కారు బరువుకు 19 రెట్లు! కారు 5 పౌన్లుంటే లాగుడు 95 పౌన్లు, అనగా ఎదిగిన పిల్లవాడొకడు ఆ తీగకు వేలాడినట్లే. తీగ తెగెనా, కారు వృత్తాన్ని విడిచి తిన్నగా దూసుకుపోతుంది. ప్రేక్షకులను కంచె వెనుక నిలిపేది అందుకే.

వేగం 50 మైళ్లయితే లాగుడు ఎంత? సగమని తొందరపడి రాయకండి.