అడవిమల్లె

గిద్దలూరు, మార్కాపురం సీమలకు పడమట నిలిచిన నల్లమల వంటి అడవులలో, ముండ్లపొదలను అల్లుకొని పెరుగు తీగ అడవిమల్లె. పాదు, ఎరువు దీనికి అక్కరలేదు. ఆకులు ఎదురెదురుగా, సన్నగా, నిగనిగలాడుచుండును. పూవులు తెల్లనివి, పరిమళము గలవి. పండిన కాయ నల్లబడును.

దీని శాస్త్రనామము జాస్మినం అంగుస్టిఫోలియం. సన్నని ఆకుల మల్లె యని అర్థము. 1753లో లినేయస్ దీనిని పారిజాతపు ప్రజాతిలో చేర్చగా, 1797లో విల్డెనో మల్లెల ప్రజాతికి మార్చెను. జాస్మిన్ అను పదమునకు మూలము ఉర్దూ విద్యార్థులెరిగిన ఫారసీ మాట ‘యాసమన్’. జైతూను చెట్టు కూడ ఈ కుటుంబములోనిదే యనుట వింతగా తోచవచ్చును.

వైద్యమున దీని వేరు ముఖ్యము. చేదైన ఆ వేరును మెత్తగా నూరి, వసకొమ్ము పొడియు నిమ్మరసమును కలిపి తామరపై పూయుట పూర్వాచారము. మద్రాసులో వైద్యుడుగా నుండిన ఐన్‌స్లీ 1826 నాటి ‘మెటీరియా ఇండికా’లో దీనిని పేర్కొనెను. ఇందు వేరు అడవిది, వస అంగడిది, నిమ్మ పెరటిది; గ్రామవైద్యము అడవి నొక్కదానినే నమ్ముకొన్నది కాదని దీనివలన తెలియుచున్నది. అయితే నిమ్మరసము చిట్లిన చర్మమును మండించును. నేడు తామరకు స్టెరాయిడ్ కలిసిన లేపనములను అడిగి కొనుక్కొనుట ఇంతకంటె హానికరము. దురద తగ్గినట్లే యుండి తామర వ్యాపించును, మొండిదగును. చర్మవైద్యుని చూపించుకొనుటయే మేలు.

విషము మ్రింగినవారికి ఆకురసము త్రాగించి వాంతి చేయించుట మరియొక ఆచారము. దీనిని నేడు ఎంతమాత్రము పాటింపరాదు. కిరోసిన్, ఆమ్లములు, కొన్ని పురుగుమందులు త్రాగినవారికి వాంతి చేయించిన ఊపిరితిత్తులకో, అన్ననాళమునకో కొత్త ప్రమాదము తెచ్చినట్లగును. ప్రత్తి, మిరప పండించు పల్లెలలో ఈ సంగతి ఇంటింట తెలియవలెను. అట్టివారిని తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. మందుడబ్బా వెంట తీసికొనిపోవలెను.

పేర్ల గందరగోళము వేరొక చిక్కు. అడవిమొల్ల యనునది వేరు జాతి. దాని ఆకు మొదట చెవుల వంటి రెండు చిన్న ఆకులుండును. అడవిమల్లె కవి ఉండవు. పూవు లేని కాలమున వేరు త్రవ్వువారు ఈ గుర్తునైనను చూడవలెను. వేరు త్రవ్విన తీగ చచ్చునని వేరుగ చెప్పనేల?

మన కళాశాలలో ఈ రెండు తీగల ఎండు నమూనాలను, పూవుతో కూడ, అట్టలకు అంటించి ఉంచుట కష్టము కాదు. ప్రతి అట్టపై దొరికిన చోటు, తేదీ, శాస్త్రనామము, తెలుగు, ఉర్దూ పేర్లు వ్రాయవలెను. కమిటీవారు ఒక బీరువా ఇప్పించిన చాలును.