కాసతియెల్లో

ఇటలీ దేశపు దక్షిణ భాగమున, సముద్రతీరమున నేపుల్సు అను ప్రాచీన నగరము కలదు. దానికి చేరువనే వెసూవియసు అగ్నిపర్వతము. ఈస్టరునకు ముందటి శుక్రవారమునాడు ఆ నగరపు వీథులలో నడచువారికి అనేక గృహములనుండి కాలుచున్న రొట్టె వాసన కమ్మగా సోకును. ఆ ఇండ్లలోని పిల్లలకు అది పరీక్షాకాలము. రొట్టె కన్నులయెదుటనే యుండును, కాని ముట్టరాదు. క్రీస్తు సిలువ వేయబడిన ఆ దినమున మాంసము నిషిద్ధము. ఆ రొట్టెనిండ మాంసమే కలదు.

దాని పేరు కాసతియెల్లో. నేపుల్సు ప్రజలు తమ మాటలో జున్నును ‘కాసో’ అందురు. ఈ పేరు దానినుండి పుట్టినదే. ఇచ్చట జున్ననగా ఈనిన ఆవు పాలతో తెలుగువారు కాచుకొను తీపి వంటకము కాదు. పాలను విరుగజేసి, ఆ గడ్డకు ఉప్పు పట్టించి, నెలల తరబడి ఆరనిచ్చిన గట్టి పదార్థము.

ఈస్టరు క్రీస్తు పునరుత్థానమును స్మరించు పండుగ. దానికి ముందు నలువది దినములు వ్రతకాలము. పూర్వము ఆ దినములలో మాంసమే గాక గ్రుడ్లు, పాలు, జున్ను కూడ విడిచెడివారు. మనుష్యులు వ్రతము పట్టిరి గాని కోళ్లు పట్టలేదు. అవి గ్రుడ్లు పెట్టుచునే యుండెను. శీతకాలమున ఉప్పువేసి ఆరగట్టిన పందిమాంసమును ఇంట నిలువయుండెను. కాసతియెల్లోలో చేరు వస్తువులను చూచినచో, వ్రతమున విడిచినవన్నియు ఒక్కచోట కనబడును.

గోధుమపిండిలో పులిసిన ముద్దను, నీటిని, ఉప్పును, పందికొవ్వును చేర్చి చాలసేపు మర్దింతురు. అది పొంగిన పిమ్మట వెడల్పుగా పఱచి, మిరియపుపొడి విరివిగా చల్లి, జున్ను ముక్కలను, మాంసపు ముక్కలను నింపుదురు. దానిని చాపవలె చుట్టి, కొనలు రెండును కలిపి, చుట్టకుదురువలె గుండ్రని పాత్రలో అమర్తురు. పచ్చి గ్రుడ్లను పెంకుతోనే పైన సగమువఱకు నాటి, ఒక్కొక్కదానిపై రెండు పిండి పేటలను సిలువయాకారమున వేయుదురు. గ్రుడ్డు నూతన జీవమునకు, వలయము ముండ్ల కిరీటమునకు గుర్తులని చెప్పుదురు. ఆ సిలువ చేయు పని మఱొకటి కలదు: పిండి పొంగునపుడు గ్రుడ్డు దొర్లిపోకుండ పట్టియుంచును.

కష్టమంతయు పొంగుటయందే యున్నది. కొవ్వు, జున్ను చేరిన పిండి మామూలు రొట్టెపిండివలె త్వరగా లేవదు. రాత్రియంతయు ఉంచవలసివచ్చును. ఈస్టరు తేది ఉగాదివలె చంద్రగతిని బట్టి మారుచు, మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 లోపల పడును. ముందుగా వచ్చిన యేట రాత్రులు చల్లగా నుండును. అపుడు పాత్రపై గుడ్డ కప్పి, దుప్పటి చుట్టి, వెచ్చని మూలకు చేర్చుదురు. చలికాలమున ఇడ్లీపిండి పొంగనప్పుడు తెలుగు గృహిణి పడు ఆందోళనయు ఇట్టిదే. తొందరపడి కాల్చినచో రొట్టె లోపల ముద్దగా మిగులును. దాచిన గ్రుడ్లు, జున్ను, మాంసము ఒక్క గడియ తొందరకు వ్యర్థమగును.

ఈ రొట్టె చాల పాతది. నేపుల్సు ప్రాంతపు రచయిత జాంబత్తిస్తా బసీలే తన మాండలికమున వ్రాసిన కథలు ఆయన మరణానంతరము 1634–1636 సంవత్సరములలో అచ్చైనవి. సిండ్రెల్లా కథకు ఐరోపాలో అచ్చైన తొలి రూపములలో ఒకటి అందున్నది. జారిన పాదరక్ష ఎవరిదో తెలిసికొనుటకు రాజు స్త్రీలందఱను విందునకు పిలుచును. ఆ విందులో వడ్డించిన వంటకములలో కాసతియెల్లో ఒకటి.

నేపుల్సులోనే తోర్తానో అను మఱొక రొట్టె కలదు. దానిలో గ్రుడ్లు పైన గాక, ఉడికించి కోసి లోపల పెట్టబడును. ఈ రెండింటి భేదమును ఆ నగరవాసులు చాల పట్టుదలతో పాటింతురు.

ఈస్టరు మఱునాటి సోమవారము ఇటలీలో సెలవుదినము. కుటుంబములు తోటలకు, కొండలకు, సముద్రతీరమునకు పోవును. చల్లారినను రుచి చెడని రొట్టె గనుక కాసతియెల్లో ముక్కలను మూటగట్టుకొని పోవుదురు. గ్రుడ్లున్న ముక్కలు మాత్రము అప్పటికి సాధారణముగా మిగులవు.