ఫిల్ము నల్లబడని కాలంలో ఫిజిసిస్టు

ఫిల్ముల కాలంలో ఎక్స్‌రే గదిలో పొరపాటు దాగేది కాదు. కిరణాలు ఎక్కువ పడితే ఫిల్ము మాడినట్టు నల్లబడేది, తక్కువైతే పాలిపోయేది. డార్క్‌రూమ్‌లోంచి బయటికొస్తున్న టెక్నీషియన్ మొహం చూస్తే చాలు, సంగతి తెలిసిపోయేది. డిజిటల్ డిటెక్టర్లు వచ్చాక ఆ సౌకర్యం పోయింది. అవసరానికి రెండింతల డోసు ఇచ్చినా కంప్యూటర్ బొమ్మను సర్దిపెట్టేస్తుంది. నిజానికి ఆ బొమ్మ ఇంకా నున్నగా, ముచ్చటగా వస్తుంది. రేడియాలజిస్ట్‌కు సంతోషం. టెక్నీషియన్‌కు మాట పడే బాధ లేదు. పేషెంట్‌కు ఏమీ తెలియదు. అలా నెలనెలా కాస్తకాస్త డోసు పెరుగుతూ పోతుంది. అందరూ మెచ్చుకుంటున్న బొమ్మలో తప్పుందని చెప్పడానికి ఆసుపత్రిలో ఒక మనిషి కావాలి. ఆ మనిషే డయాగ్నస్టిక్ మెడికల్ ఫిజిసిస్ట్.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలకు ఈ ఉద్యోగం గురించి చెబితే సగంమంది "క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ పెడతారు, అదేనా సార్?" అంటారు. అది రేడియోథెరపీ. మన దేశంలో మెడికల్ ఫిజిసిస్టుల్లో ఎక్కువమంది అక్కడే ఉన్నారు. కారణం సులువే: ఫిజిసిస్టు లేకుండా అక్కడ చికిత్స మొదలుపెట్టడానికి అణుశక్తి నియంత్రణ మండలి, అదే మనందరం ఏఈఆర్‌బీ అనేది, ఒప్పుకోదు. ఎక్స్‌రే, సీటీల వైపు అంత బలవంతం లేదు. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఒకరు ఉండి తీరాలి, కానీ ఆ బాధ్యత రేడియాలజిస్టే తీసుకోవచ్చు, అర్హత ఉన్న టెక్నాలజిస్టూ తీసుకోవచ్చు. మిషన్లకు కనీసం రెండేళ్లకోసారి నాణ్యతా పరీక్షలు జరగాలి. చాలా ఆసుపత్రులు బయటి ఏజెన్సీని పిలిచి ఆ పని కానిచ్చేస్తాయి. కాబట్టి దాపరికం లేకుండా చెబుతున్నాను: డయాగ్నస్టిక్ వైపు ఉద్యోగాలు మన దగ్గర ఇంకా తక్కువే. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో మొదలవుతున్నాయి. టీమ్‌ను నడిపే స్థాయికి వెళ్లాలనుకునేవాళ్లు చాలాచోట్ల ఆ టీమ్‌ను ముందు తామే తయారుచేసుకోవాల్సి ఉంటుంది.

ఇంతకీ ఆ టీమ్ ఏం చేస్తుంది? చూడ్డానికి పని కొలతలదే. ఎక్స్‌రే ట్యూబు 80 కేవీ అని చెప్పి నిజంగా ఎంత ఇస్తోంది, వెలుతురు పడే చదరం, కిరణాలు పడే చదరం ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటున్నాయా, ట్యూబు గూడు నుంచి కిరణాలు కారుతున్నాయా, గది గోడ తొమ్మిదంగుళాల ఇటుకేనా లేక మధ్యలో ఎవరైనా ఏసీ పైపు కోసం కన్నం పెట్టారా. సీటీ అయితే మనిషికి బదులు అక్రిలిక్ దిమ్మ (ఫ్యాంటమ్) పెట్టి కొలుస్తారు. తలకు 16 సెంటీమీటర్ల వ్యాసం, ఒంటికి 32 సెంటీమీటర్లు. ఇవన్నీ పేషెంట్లు లేని వేళ చేయాలి గనక టీమ్‌కు ఆదివారాలు, తెల్లవారుజాములు అలవాటవుతాయి. మామోగ్రఫీ, క్యాథ్‌ల్యాబ్, దంతాల సీబీసీటీ, కొన్నిచోట్ల ఎంఆర్ఐ భద్రత కూడా ఈ బల్ల మీదికే వస్తాయి.

కొలతలు నేర్చుకోవడం రెండేళ్ల పని. టీమ్‌ను నడపడం వేరే విద్య. దానికి ఒక ఉదాహరణ చెబితే తప్ప అర్థం కాదు.

శనివారం పొద్దున. మీ జూనియర్ సీటీలో నీళ్ల ఫ్యాంటమ్ పెట్టి చూశాడు. సీటీ బొమ్మలో సాంద్రతను చెప్పే అంకెలు హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు; నీటికి అవి సున్నా రావాలి, అటూ ఇటూ ఐదు వరకు ఫరవాలేదు. వచ్చింది తొమ్మిది. బయట నలభైమంది కూర్చున్నారు. క్యాజువాలిటీలో బైక్ మీదినుంచి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాడు ఉన్నాడు. జూనియర్ ఫోన్ చేసి "సార్, ఫెయిల్ అయింది, ఆపేయనా?" అంటాడు. పుస్తకం చదివినవాడు ఆపమంటాడు. మేనేజ్‌మెంట్‌కు భయపడేవాడు "సోమవారం చూద్దాంలే" అంటాడు. రెండూ తప్పే. ముందు ఎయిర్ కాలిబ్రేషన్ చేయించి మళ్లీ కొలవాలి. అప్పుడూ తొమ్మిదే వస్తే, ఈ తేడా ఎవరిని దెబ్బతీస్తుందో ఆలోచించాలి. మెదడులో తాజా రక్తం యాభై, అరవై దగ్గర కనిపిస్తుంది. తొమ్మిది తేడాతో అది మాయమైపోదు. కుర్రాడి స్కాన్ జరగాల్సిందే. కానీ అడ్రినల్ గ్రంథిలో గడ్డ ఉంటే, దాని అంకె పదికి లోపలుందా, పైనుందా అన్నదాన్ని బట్టే అది నిరపాయకరమైన అడినోమానా కాదా అని రేడియాలజిస్ట్ అంచనా వేస్తారు. అక్కడ తొమ్మిది తేడా అంటే ఒకరికి అక్కర్లేని ఆపరేషన్, లేదా ఒకరికి దొరకని క్యాన్సర్. కాబట్టి రేడియాలజిస్ట్ గదిలోకి స్వయంగా వెళ్లి "అత్యవసర కేసులు నడవనివ్వండి, అంకె మీద ఆధారపడే స్కాన్లు మాత్రం ఇంజనీరు వచ్చేదాకా పక్కన పెట్టండి" అని చెప్పి, రాతపూర్వకంగా సంతకం చేసి ఇవ్వాలి. ఆ సంతకమే టీమ్ లీడర్ ఉద్యోగం. మిగతాదంతా దానికి తయారీ.

ఆ సంతకం విలువ తెలియాలంటే అమెరికాలో జరిగిన ఒక ఘటన గుర్తుపెట్టుకోండి. లాస్ ఏంజెలిస్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో పక్షవాతం అనుమానంతో వచ్చినవాళ్లకు తీసే సీటీ పర్‌ఫ్యూజన్ స్కాన్ సెట్టింగులు మారిపోయి, 206 మందికి ఉండాల్సినదానికి దాదాపు ఎనిమిది రెట్ల రేడియేషన్ వెళ్లింది. పద్దెనిమిది నెలలు ఎవరూ పట్టుకోలేదు. 2009లో ఒక పేషెంట్ జుట్టు ఊడిపోతోందని చెబితే బయటపడింది. సీటీ మిషన్ ప్రతి స్కాన్‌కూ డోసు అంకెను తెర మీద చూపిస్తుంది. చూసే అలవాటున్న కళ్లు లేకపోవడమే లోపం. మంచి లీడర్ ఆ అంకెలను వారం వారం తెప్పించుకుని, మధ్యస్థ విలువ లెక్కగట్టి, ఆ రకం స్కాన్‌కు మామూలుగా దాటకూడని స్థాయి అయిన డయాగ్నస్టిక్ రిఫరెన్స్ లెవల్‌తో పోలుస్తాడు. పేషెంట్‌కు డోసు పరిమితి అంటూ చట్టంలో ఏదీ లేదు, ఉద్యోగులకు ఉంది: ఐదేళ్ల సగటు మీద ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, మన దేశంలో ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. పేషెంట్‌కు ఉన్న పెద్ద రక్షణ రిఫరెన్స్ లెవల్‌తో చేసే ఆ పోలికే.

ఇంకో రకం పరీక్ష ఫోన్ రూపంలో వస్తుంది. కడుపునొప్పితో వచ్చిన అమ్మాయికి సీటీ తీశారు, తర్వాత చూస్తే ఐదో వారం గర్భం. గైనకాలజిస్ట్ కంగారుగా అడుగుతారు: "గర్భం తీసేయమని చెప్పాలా?" పిండానికి ఎంత డోసు పడి ఉంటుందో మీరు లెక్కగట్టి చెప్పాలి. పొత్తికడుపు సీటీలో పిండానికి అందేది సగటున 25 మిల్లీగ్రేల చుట్టుపక్కల ఉంటుంది. వంద మిల్లీగ్రేలకు లోపల రేడియేషన్ కారణంగా గర్భం తీయనక్కర్లేదని అంతర్జాతీయ కమిషన్, ఐసీఆర్‌పీ, చెబుతుంది. ఈ ముక్క ఫోన్‌లో గొణిగితే సరిపోదు. రాసివ్వాలి, డాక్టరుకు అర్థమయ్యేలా ఒకటి, ఆ అమ్మాయి అత్తగారికి అర్థమయ్యేలా ఇంకొకటి. లెక్కలొచ్చి మాట రాని ఫిజిసిస్టుకు ఈ పోస్టు సరిపడదని నా అభిప్రాయం.

నా తొలినాళ్ల తప్పు ఒకటి చెబుతాను. అప్పుడు పనిచేసే ఆసుపత్రిలో ఒక టెక్నీషియన్ టీఎల్‌డీ బ్యాడ్జి (ఉద్యోగి ఒంటికి తగిలే డోసును కొలిచేది) మూడు నెలల రీడింగు విపరీతంగా వచ్చింది. విచారిస్తే, బ్యాడ్జిని లెడ్ ఏప్రాన్‌కే వదిలేసి ఆ ఏప్రాన్‌ను ఎక్స్‌రే గదిలోనే తగిలించి వెళ్లేవాడని తేలింది. నేను హుషారుగా నివేదికలో అతని పేరు రాసి "నిర్లక్ష్యం" అని గీత గీశాను. అతనికి మెమో వచ్చింది. తర్వాతి త్రైమాసికంలో మా విభాగం రీడింగులన్నీ దాదాపు సున్నా. క్యాథ్‌ల్యాబ్‌లో రోజూ నిలబడేవాళ్లవి కూడా! ఎవరూ బ్యాడ్జి పెట్టుకోవడం లేదు, లాకర్లలో దాచేశారు. ఎక్కువ రీడింగు కంటే ఆ సున్నాలు ప్రమాదమని నాకు అప్పుడు బుర్రకెక్కింది. ఆ టెక్నీషియన్‌తో మళ్లీ మాట కలవడానికి ఏడాది పట్టింది. తప్పు చెప్పినవాడికి శిక్ష పడే చోట తప్పులు ఆగవు, చెప్పడమే ఆగుతుంది.

ఇక దారి సంగతి. బీఎస్సీలో ఫిజిక్స్ ముఖ్య సబ్జెక్టుగా ఉండాలి. ఆ తర్వాత మెడికల్ ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ, లేదా మామూలు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) నడిపే ఏడాది రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా. రెండోదాన్ని అందరూ డిప్ ఆర్‌పీ అంటారు. ఈ రంగంలో దేశంలోకెల్లా పేరున్న చదువు అదే. చెన్నైలో అన్నా యూనివర్సిటీ, వెల్లూరు సీఎంసీ, మణిపాల్ మనవాళ్లకు దగ్గర. చదువయ్యాక ఏడాది ఇంటర్న్‌షిప్, దాని తర్వాత రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ (ఆర్‌ఎస్‌వో) పరీక్ష. ఇంటర్న్‌షిప్ రేడియోథెరపీ విభాగంలోనే ఉంటుంది కాబట్టి డయాగ్నస్టిక్ పనిని మీ అంతట మీరు నేర్చుకోవాలి. ఆసుపత్రిలో ఉన్న ఏడాదీ సాయంత్రాలు రేడియాలజీ విభాగంలో కూర్చోండి. ఎవరూ రమ్మనరు, ఎవరూ పొమ్మనరు. క్వాలిటీ టెస్టులు చేసే ఏజెన్సీలో రెండేళ్లు పనిచేయడం కూడా మంచి దారి. జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ, కానీ శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఎన్ని రకాల మిషన్లు, ఎన్ని రకాల గదులు, ఎన్ని రకాల సాకులు ఉన్నాయో అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

పుస్తకాలకు డబ్బు లేదనే మాట ఇక్కడ చెల్లదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2014లో తెచ్చిన డయాగ్నస్టిక్ రేడియాలజీ ఫిజిక్స్ హ్యాండ్‌బుక్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మొదటినుంచి చివరిదాకా లెక్కలతో సహా చేసినవాణ్ని ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నల్లో గుర్తుపట్టొచ్చు. పైథాన్ కాస్త నేర్చుకోండి. వేల స్కాన్ల డోసు వివరాలను ఎక్సెల్‌లో ఈదడం ఇప్పటి పని కాదు.

విదేశాల మాటకొస్తే, ఈ ఉద్యోగానికి అక్కడ గౌరవం రావడానికి కారణం చట్టమే. అమెరికాలో 1992 మామోగ్రఫీ చట్టం ప్రకారం ప్రతి మామోగ్రఫీ మిషన్‌నూ ఏటా ఫిజిసిస్టు పరీక్షించాలి. అక్కడ పనిచేయాలంటే మెడికల్ ఫిజిక్స్ చదువులకు గుర్తింపునిచ్చే క్యాంపెప్ ఆమోదించిన కోర్సు, ఆపైన రెండేళ్ల రెసిడెన్సీ, అమెరికన్ బోర్డ్ ఆఫ్ రేడియాలజీ (ఏబీఆర్) పెట్టే మూడు భాగాల పరీక్ష. బ్రిటన్‌లో 2017 నిబంధనలు ప్రతి ఆసుపత్రికీ మెడికల్ ఫిజిక్స్ ఎక్స్‌పర్ట్ ఉండాలంటాయి. అక్కడ ఒక ఫిజిక్స్ బృందం చాలాసార్లు చుట్టుపక్కల పలు ఆసుపత్రులను చూసుకుంటుంది, దానికి నాయకత్వం వహించే పోస్టు విడిగా ప్రకటిస్తారు. ఆ మెట్టు దాకా వెళ్లాలంటే ముందు ఆరోగ్య వృత్తులవాళ్లను నమోదు చేసే హెచ్‌సీపీసీలో క్లినికల్ సైంటిస్టుగా నమోదు కావాలి.

ఇక్కడ మన పిల్లలు మోసపోతున్నారు. బ్రిటన్‌లో ఏడాది మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీకి పొలం తాకట్టు పెట్టి వెళ్లేవాళ్లున్నారు. ఆ డిగ్రీ ఒక్కదానితో హెచ్‌సీపీసీ నమోదు రాదు. మూడేళ్ల సైంటిస్ట్ ట్రైనింగ్ ప్రోగ్రామ్‌లో సీటు దొరకాలి, లేదా అనుభవాన్ని చూపించి సమానత్వపు దారిలో రుజువు చేసుకోవాలి. మొదటిదానికి పోటీ విపరీతం. రెండోదానికి ఇక్కడ నాలుగైదేళ్లు గట్టిగా పనిచేసి, చేసిన ప్రతి పనికీ కాగితం దాచుకున్నవాడికి అవకాశం ఎక్కువ. కన్సల్టెన్సీవాళ్లు బ్రోచర్‌లో ఈ వాక్యం వేయరు.

ఇక్కడే ఉండి టీమ్ కట్టాలనుకునేవాళ్లకు ఒక కిటుకు. మేనేజ్‌మెంట్ దగ్గరికి "రేడియేషన్ ప్రమాదం" అంటూ వెళ్లకండి; వినీ వినీ వాళ్లకు అలవాటైపోయింది. రిపీట్ ఎక్స్‌రేల లెక్కతో వెళ్లండి. నెలలో ఎన్ని బొమ్మలు మళ్లీ తీశారు, ఏ గదిలో, ఏ కారణంతో, ఎంత సమయం పోయింది. ఒక పేజీ దాటకూడదు. నాకు మొదటి జూనియర్ పోస్టు మంజూరైంది అలాంటి ఒక్క పేజీ మీదే. క్యాథ్‌ల్యాబ్‌లో డోసు ఐదు గ్రేలు దాటిన పేషెంట్లను కొన్ని వారాల తర్వాత పిలిచి చర్మం చూసే పద్ధతి పెట్టించడానికి మాత్రం మూడేళ్లు పట్టింది.

ఇప్పుడు దరఖాస్తు నింపబోతున్నవాళ్లకు ఒక్క మాట. ఏ యూనివర్సిటీలోనైనా మెడికల్ ఫిజిక్స్‌కు ఫీజు కట్టేముందు ఏఈఆర్‌బీ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న కోర్సుల జాబితా తెరిచి ఆ పేరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే డబ్బు కట్టకండి.