కాంట్రాక్ట్ జాబ్ కోసం లక్షలు కట్టకండి

"కాంట్రాక్ట్ అయినా పర్లేదు సార్, ముందు ఎలాగోలా ఒక పెద్ద కంపెనీలో అడుగు పెట్టనివ్వండి. ఆర్నెల్లు పని చూశాక వాళ్లే పర్మనెంట్ చేసుకుంటారు." కౌన్సెలింగ్‌కి వచ్చే తల్లిదండ్రుల నోట ఈమధ్య తరచూ వింటున్న మాట ఇది. బీటెక్ అయి ఏడాది దాటింది. అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడు. బంధువుల్లో ఎవరింటికి వెళ్లినా మొదటి ప్రశ్న ఉద్యోగం గురించే. ఈలోగా అమీర్‌పేటలో ఎవరో రెండు మూడు లక్షలిస్తే కాంట్రాక్ట్ మీద పెట్టిస్తామన్నారు. కట్టమంటారా అని అడుగుతారు. కట్టొద్దనే చెబుతాను. ఎందుకో తెలియాలంటే ఈ కొలువు ఎలా నడుస్తుందో ముందు అర్థం కావాలి.

మాదాపూర్‌లోనో నానక్‌రామ్‌గూడలోనో పెద్ద ఆఫీసులో కూర్చుంటారు. టీమ్‌తో కలిసి రోజూ స్టాండప్ కాల్‌లో మాట్లాడతారు. జీతం మాత్రం ఆ కంపెనీ ఇవ్వదు, దానికి మనుషుల్ని సరఫరా చేసే వెండర్ ఇస్తాడు. కొన్నిసార్లు వెండర్ కింద ఇంకో సబ్‌వెండర్ ఉంటాడు. క్లయింట్, అంటే ఆ పెద్ద కంపెనీ, నెలకు కట్టే బిల్లులో ఎవరి వాటా వాళ్లు మినహాయించుకున్నాక మిగిలింది మీ ఖాతాలో పడుతుంది. దీన్నే థర్డ్ పార్టీ పేరోల్ అంటారు. కొంతకాలం చూసి సొంత పేరోల్‌లోకి తీసుకునే అవకాశం ఉంటే 'కాంట్రాక్ట్ టు హైర్' అంటారు. ఇక మూడోది ఫ్రీలాన్స్ కన్సల్టెంట్ పద్ధతి. ఇందులో పీఎఫ్ ఉండదు, బిల్లులో పన్ను కోత పెట్టి మిగతాది ఇస్తారు, ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా మీరే చేసుకోవాలి. అర్హత సంగతికొస్తే బీటెక్, ఎంసీఏ, డిగ్రీ ఏదైనా నడుస్తుంది, అడిగేది అనుభవాన్నే.

కంపెనీ కాంట్రాక్టర్‌ని తీసుకునేది రెండు కారణాలకు. ప్రాజెక్టుకు ఒక ముగింపు తేదీ ఉంటుంది, ఆ తర్వాత మనిషిని మోయాల్సిన పని ఉండదు. రెండోది, కొత్త ఉద్యోగికి పైనుంచి అనుమతి రాకపోయినా ప్రాజెక్టు బడ్జెట్‌లోంచి కాంట్రాక్టర్‌ని తెచ్చుకోవచ్చు. అందుకే మార్కెట్ మందగించినా కాంట్రాక్ట్ పోస్టులు కనబడుతూనే ఉంటాయి. అవి చూసి ఉద్యోగాలు బోలెడున్నాయని పెద్దవాళ్లు అనుకుంటారు. అక్కడే లెక్క తప్పుతోంది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు నుంచే క్లయింట్ బిల్లు కడతాడు. పని నేర్పే బాధ్యత క్లయింట్‌దీ కాదు, వెండర్‌దీ కాదు. ఇప్పటికే పని వచ్చినవాడి కోసం వేసిన కుర్చీ అది. నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చిన పిల్లవాడిని తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టాలని చూస్తున్నారు.

పెద్ద ఐటీ సర్వీసు కంపెనీల్లో సైతం పరిస్థితి మారింది. 2021, 2022లో ఉద్యోగుల వలసలు ఎంత ఎక్కువగా ఉన్నాయంటే, దొరికినవాళ్లను దొరికినట్టే తీసుకున్నారు. 2023 నుంచి ఆ ఊపు తగ్గింది. 2023-24లో టీసీఎస్ మొత్తం ఉద్యోగుల సంఖ్య 13 వేలకు పైగా తగ్గింది. 2025 జూలైలో మరో 2 శాతం, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని ఆ కంపెనీయే ప్రకటించింది. ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద ఏడాదికి 35 పనిరోజులకు మించి ఉండకూడదని అదే 2025లో నియమం పెట్టింది. పర్మనెంట్ ఉద్యోగి బెంచ్‌నే ఇంత లెక్కగట్టే రోజుల్లో, ప్రాజెక్టు అయిపోయిన కాంట్రాక్టర్‌ని కూర్చోబెట్టి జీతమిచ్చే వెండర్ ఉండడు. ఎక్స్‌టెన్షన్ వస్తే ఉంటారు, లేకపోతే చాలాచోట్ల రెండు వారాల నుంచి నెల రోజుల నోటీసుతో బయటికి.

ఇప్పుడు ఆ రెండు మూడు లక్షల సంగతి. పని రాని పిల్లవాడిని పని వచ్చినవాడి కుర్చీలో కూర్చోబెట్టడానికి ఉన్న దారి ఒక్కటే, అబద్ధం. మూడు నెలల కోచింగ్, మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్, పేరుకు మాత్రమే ఉన్న ఏదో కంపెనీ నుంచి ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్. ఇంటర్వ్యూలో తెర వెనక ఇంకొకరు జవాబులు చెబుతారు. ఉద్యోగంలో చేరాక రాత్రిళ్లు పని చేసిపెట్టడానికి నెలనెలా డబ్బు తీసుకునే 'జాబ్ సపోర్ట్' మనిషి ఇంకొకడు. ఇవన్నీ కలిపి ప్యాకేజీగా అమ్ముతున్నారు. అమీర్‌పేటలో ఒకప్పటి సత్యం థియేటర్ సందుల్లో, మైత్రీవనం చుట్టుపక్కల నిజాయతీగా జావా, శాప్, టెస్టింగ్ నేర్పి వేలమందిని నిలబెట్టిన ఇన్‌స్టిట్యూట్లున్నాయి. వాటి పక్కనే ఈ వ్యాపారమూ పెరిగింది, తల్లిదండ్రులకు తేడా తెలియడం లేదు.

"పీఎఫ్ కూడా కట్టి చూపిస్తాం, దొరకరు" అని నమ్మబలుకుతారు. ఈ మాటకు మోసపోకండి. చేరేముందు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు మీ పీఎఫ్ యూఏఎన్ నంబరుతో మీ సర్వీసు చరిత్ర మొత్తం అడుగుతారు. ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎవరు పీఎఫ్ కట్టారో అందులో ఉంటుంది. జీతం మీద పన్ను కోశారా లేదా అన్నది ఆదాయపు పన్ను రికార్డులో కనబడుతుంది. అనుమానాస్పద కంపెనీల జాబితాలు పెద్ద సంస్థల దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. ఒకసారి కట్టిన దొంగ పీఎఫ్ మీ నంబరు కింద చెరగకుండా ఉండిపోతుంది. రెండేళ్ల తర్వాత నిజంగా పని నేర్చుకుని మంచి కంపెనీకి వెళ్లినప్పుడు కూడా అదే బయటపడుతుంది. ఆ రోజు ఉద్యోగం పోయేది అబ్బాయికి. డబ్బు తీసుకున్నవాడు అప్పటికి ఫోన్ నంబరు మార్చేసి ఉంటాడు. పొలం తాకట్టు పెట్టి, అమ్మ నగలు కుదువపెట్టి ఇలా కట్టిన కుటుంబాలు నా దగ్గరికి వస్తుంటాయి. ఆ పిల్లల్లో చాలామంది ఇది తప్పని ముందే ఇంట్లో చెప్పారు. వాళ్ల మాట ఎవరూ వినలేదు. ఇరవై రెండేళ్ల వయసులో రోజూ దొరికిపోతానేమోనన్న భయంతో లాప్‌టాప్ తెరిచే స్థితికి పిల్లవాడిని నెట్టడం ఏ తల్లిదండ్రులూ చేయాల్సిన పని కాదు.

నిజమైన కాంట్రాక్ట్ అయినా సరే, జీతం అంకె చూసి మురిసిపోవద్దు. ఉదాహరణకు నెలకు 60 వేలు అన్నారనుకుందాం. ఏడాదికి 7 లక్షల 20 వేలు కదా అని ఇంట్లో లెక్కేస్తారు. మధ్యలో రెండు నెలలు ప్రాజెక్టు లేకపోతే అది 6 లక్షలు. చాలా ఆఫర్లలో పీఎఫ్‌లో కంపెనీ వాటా కూడా ఆ మొత్తంలోంచే పోతుంది. పని చేసిన రోజుకే బిల్లు కాబట్టి చాలాచోట్ల సెలవు పెడితే కోత. నెలకు 22 పనిరోజులుగా చూస్తే రోజుకు 2,700 పైమాటే. అక్క పెళ్లికి పది రోజులు ఊరెళ్తే 27 వేలు పోయినట్టే. డిసెంబరు చివర్లో విదేశీ క్లయింట్లు ఆఫీసు మూసినప్పుడు ఫర్లో పేరుతో జీతం లేని వారం రావచ్చు. అమ్మానాన్నలకు చాలాచోట్ల కంపెనీ ఇన్సూరెన్స్ ఉండదు, సొంతంగా పాలసీ తీసుకోవాలి. ఏటా హైక్ ఉండదు. ఇవన్నీ తీసేశాక 4 లక్షల పర్మనెంట్ ఉద్యోగంతో పోల్చండి.

'వాళ్లే పర్మనెంట్ చేస్తారు' అన్న ఆశ గురించి కూడా ఒక మాట. చేసేవాళ్లు ఉన్నారు. కానీ మిమ్మల్ని తన పేరోల్‌లోకి తీసుకుంటే వెండర్‌కి రుసుము కట్టాలనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది, క్లయింట్ అది భరించడానికి సిద్ధపడాలి. ఆఫర్ లెటర్లో 'కాంట్రాక్ట్ టు హైర్' అని, ఎన్ని నెలలకు పరిశీలిస్తారో రాసి లేకపోతే నోటి మాటను లెక్కలోకి తీసుకోవద్దు.

అమెరికా కాంట్రాక్టుల సంగతీ ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే గంటకు ఇన్ని డాలర్లన్న బంధువుల మాటల్లోంచే సగం ఒత్తిడి పుడుతోంది. 2025 సెప్టెంబరు 21 నుంచి అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ఉత్తర్వు వచ్చింది. చిన్న కన్సల్టెన్సీ ఇక్కడి నుంచి కుర్రవాడిని అంత డబ్బు పోసి తీసుకెళ్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అక్కడ చదువుకుంటున్నవారి పరిస్థితి వేరు. చదువయ్యాక పని చేయనిచ్చే ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు, స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో 60 రోజులు కలుస్తాయి. ఆ గడువు భయంతోనే కొందరు దొంగ అనుభవం రాయించుకుంటున్నారు. వీసా కోసం అబద్ధం చెప్పినట్టు తేలితే ఆ దేశంలో అడుగుపెట్టే అర్హతే శాశ్వతంగా పోవచ్చు. హెచ్-1బీ ఉద్యోగిని ప్రాజెక్టు లేదని జీతం లేకుండా బెంచ్ మీద పెట్టడం చట్టవిరుద్ధమని కూడా మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

కాంట్రాక్ట్ ఎవరికి మంచిది? ఏడెనిమిదేళ్లు శాప్‌లోనో, డేటాబేస్ మైగ్రేషన్‌లోనో, క్లౌడ్‌లోనో చేతినిండా పని చేసినవారికి. వాళ్లు రేటు అడిగి తీసుకోగలరు. పిల్లలు పుట్టాక నాలుగేళ్లు విరామం తీసుకున్న మహిళలకు తిరిగి రావడానికి ఇది నిజంగా మంచి దారి, నేనే వెళ్లమని చెబుతాను. నలభై దాటి ఉద్యోగం పోయినవారికీ అంతే. చేతిలో ఆర్నెల్ల ఇంటి ఖర్చు ఉండి, పని వచ్చినవారైతే భయపడాల్సింది లేదు.

కొత్తవాళ్లకు నేను చెప్పే దారి నెమ్మదిది. మూడున్నర లక్షలే ఇచ్చినా మొదటి రెండు మూడేళ్లు నేర్పే చోట, సొంత పేరోల్ మీద ఉండండి. పాతికమంది ఉన్న చిన్న ప్రోడక్ట్ కంపెనీ దొరికితే వదలొద్దు. అక్కడ కోడ్ రాయడం నుంచి కస్టమర్ ఫోన్ దాకా అన్నీ మీదపడతాయి, ఏడాదిలోనే మనిషి మారిపోతాడు. కేంద్రం నడిపే ఎన్ఏటీఎస్ పోర్టల్లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌షిప్‌లు ఉంటాయి. స్టైపెండ్ చిన్నదని పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు కానీ ఆ ఏడాది అనుభవం నిజమైనది, ఎవరు వెరిఫై చేసినా నిలబడుతుంది. ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సులు ఉచితం, సర్టిఫికెట్ కావాలనుకున్నవారే పరీక్ష ఫీజు కడతారు. నైపుణ్య శిక్షణకు తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఉన్నాయి, కోచింగ్‌కి లక్షలు పోసేముందు అక్కడ అడగండి. ఈ దారిలో ఏడాది పట్టొచ్చు. ఆ ఏడాది పాటు పిల్లవాడిని చుట్టాల ప్రశ్నల నుంచి కాపాడటమే తల్లిదండ్రులుగా మీరు చేయగల పెద్ద సాయం.

అన్నీ చూసుకుని నిజమైన కాంట్రాక్టుకే వెళ్తున్నారా? సంతకం చేసేముందు జీతం ఎవరి ఖాతా నుంచి వస్తుందో, ఇంటర్వ్యూ చేసింది అసలు క్లయింటేనో కాదో, నోటీసు ఎన్ని రోజులో, నిర్ణీత కాలపు (ఫిక్స్‌డ్ టర్మ్) ఉద్యోగమో థర్డ్ పార్టీ పేరోలో కనుక్కోండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నిర్ణీత కాలపు ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వర్తిస్తుంది, నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. చేరిన రెండో నెలలో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి వాటా పడిందో లేదో చూసుకోండి. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలని బాండు రాయమంటే ఆ కాగితం తెలిసిన లాయరుకు చూపించాకే సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామంటే మాత్రం ఆలోచించాల్సిన పనే లేదు, అవి తీసుకుని బయటికొచ్చేయండి.