మాత్స్యన్యాయం లేని చెరువు

బలవంతుడు బలహీనుణ్ణి కబళించే స్థితిని మన పూర్వులు ‘మాత్స్యన్యాయం’ అన్నారు. దండనీతి లోపించిన రాజ్యంలో ఈ న్యాయమే చెల్లుతుందని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో హెచ్చరించాడు. పెద్ద చేప చిన్న చేపను మింగటం ప్రకృతిలో ఉన్నదే. అయితే చేపలన్నీ తోటి చేపలను తిని బ్రతికేవి కావు. ఈ సత్యమే మిశ్రమ చేపల పెంపకానికి పునాది. ఒక చెరువులో అనేక జాతులను కలిపి పెంచదలచినవాడు మొదట తెలుసుకోవలసింది ఏ చేప ఏమి తింటుందో, ఎక్కడ తింటుందో!

ఈ జ్ఞానం మనకు కొత్త కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు రచించిన సంస్కృత గ్రంథం ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదం ఒక ప్రకరణం. చేపల భేదాలు, వాటికి తగిన ఆహారాలు అందులో వర్ణితమయ్యాయి. నాడు రాజుకు వినోదమైన విషయం నేడు రైతుకు జీవనాధారమైంది.

పైకి ఒకే మడుగుగా కనిపించే చెరువు నిజానికి మూడంతస్తుల మేడ వంటిది. పై అంతస్తులో బొచ్చె నివసిస్తుంది. నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు దాని ఆహారం. నడిమి అంతస్తు శీలావతిది. అడుగున ఎర్రమోసు కుళ్ళిన ఆకులను, సేంద్రియ పదార్థాలను తిని పెరుగుతుంది. ఈ మూడూ మన దేశపు చేపలే. వీటికి తోడు వెండిచేప, గడ్డిచేప 1959లో విదేశాల నుండి మన దేశానికి వచ్చాయి. వెండిచేప నీటికి పచ్చదనమిచ్చే సూక్ష్మవృక్షాలను వడగట్టి తింటుంది. గడ్డిచేప నీటిమొక్కలను మేస్తుంది. దాని విసర్జనమే చెరువుకు ఎరువవుతుంది. మరొక విదేశీ చేప బంగారుతీగ అడుగున తిరుగుతుంది. బురదను తవ్వి గట్లను బలహీనపరచటం దాని దోషం.

పూర్వం చేపపిల్లలను వరదకాలంలో నదుల నుండి పట్టి తెచ్చేవారు. వాటిలో మాంసాహార జాతుల పిల్లలు కూడ కలిసి వచ్చేవి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలకడ నీటిలో సహజంగా గుడ్లు పెట్టవు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి పీయూషగ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి వీటిచేత గుడ్లు పెట్టించగలిగారు. నాటి నుండి రైతు కోరిన జాతిని కోరినంత తెచ్చుకొనే వీలు కలిగింది. ఆ విజయానికి గుర్తుగా జూలై 10వ తేదీని జాతీయ మత్స్యరైతుల దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

ఇక ప్రణాళికను పరిశీలిద్దాం. ఒక రైతుకు ఎకరం చెరువు ఉన్నదనుకొందాం. నీరు నిలిచే బంకమన్ను నేల, సుమారు 2 మీటర్ల లోతు అవసరం. మొదట నీరు తోడి, అడుగును ఎండబెట్టి, 80 నుండి 100 కిలోల సున్నం చల్లాలి. హెక్టారుకు 5,000 పిల్లలన్న లెక్కన ఎకరానికి 2,000 సరిపోతాయి. ఆరు జాతులను పెంచేటప్పుడు శీలావతి 500, వెండిచేప 400, బొచ్చె 300, ఎర్రమోసు 300, బంగారుతీగ 300, గడ్డిచేప 200 చొప్పున వదలటం ఒక పద్ధతి. ఈ లెక్కలో ఔచిత్యం ఉంది. వెండిచేపలు మితిమీరితే పై అంతస్తులోనే ఉండే బొచ్చెలు చిక్కిపోతాయి. నీటిమొక్కలు లేని చెరువులో గడ్డిచేపకు గడ్డి కోసి వేయవలసి ఉంటుంది. జాతుల సంఖ్య పెంచటం కంటె, వాటి ఆహారాలు ఢీకొనకుండా చూడటం ముఖ్యం.

కొన్ని చేపలకు ఈ చెరువులో ప్రవేశం లేదు. కొర్రమీను రుచికి పేరుపొందినదే, తెలంగాణ రాష్ట్ర చేప కూడ. కాని అది పిల్లలను మింగుతుంది. వాలుగ సంగతీ అంతే. కనుక పిల్లలను వదలక మునుపే వీటిని ఏరివేసి, నీరు వచ్చే తూముకు సన్నని వల కట్టాలి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషిద్ధం. వరదలో గట్టు తెగితే అది నదులలో చేరి స్థానిక జాతులను నాశనం చేయగలదు.

అన్నిటికంటె పెద్ద గండం తెల్లవారుజామున పొంచి ఉంటుంది. పగలు ప్రాణవాయువునిచ్చే సూక్ష్మవృక్షాలే రాత్రివేళ దానిని పీల్చుకొంటాయి. మబ్బు పట్టిన రోజుల తరువాత వేకువన చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే, అది ఆపదకు సూచన. వెంటనే మేత, ఎరువు ఆపి కొత్తనీరు పెట్టాలి. ఏమరిస్తే ఏడాది కష్టం, తెచ్చిన అప్పు ఒక్క పూటలో నీటిపాలవుతాయి.

చెరువును ఎక్కడ తవ్వాలన్నది కూడ ధర్మంతో ముడిపడిన ప్రశ్నే. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ జాబితాలో చేరింది. అయినా సరస్సు గర్భంలో వెలసిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తొలగించవలసి వచ్చింది. పక్క పొలంలోకి ఊట దిగితే పొరుగు రైతు పంట చెడుతుంది. నీటిలో మాత్స్యన్యాయాన్ని తొలగించినవాడు గట్టు మీద దానిని పాటించటం తగదు.

అభ్యాసం

1. చెరువును మూడంతస్తుల మేడతో పోల్చటంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. అర ఎకరం చెరువుకు ఆరు జాతుల పిల్లలను ఎన్నెన్ని వదలాలో లెక్కగట్టి, కారణాలు తెలపండి.
3. మీ ప్రాంతంలోని ఒక చేపల రైతును కలిసి, పాఠంలో లేని చేపల పేర్లు సేకరించండి.