దరఖాస్తు అధికారి కంటబడుటెట్లు?

ప్రశ్న: బీకాం ముగించితిని. సిద్దిపేట ఐటీ టవరులోని సంస్థలకును, హైదరాబాదు కార్యాలయములకును ఒకే బయోడేటా పంపుచున్నాను. ఎక్కడనుండియు పిలుపు లేదు. లోపమేమి?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: అమ్మా, లోపము మీ చదువునందు గాక, ఒకే పత్రమును అందరికిని పంపుటయందున్నట్లు తోచుచున్నది. దరఖాస్తుల గుట్టను క్షణములలో తిరుగవేయు అధికారి, తాను కోరిన పనికిని మీరెరిగిన పనికిని గల సంబంధమును వెదకునేగాని, ‘కష్టపడి పనిచేయుదును’ వంటి వాక్యములకు విలువ నీయడు.

కావున ప్రకటన చదివి, అందు కోరిన నైపుణ్యములలో మీకు నిజముగా వచ్చినవానిని పత్రపు పైభాగమున నుంచుడు. ‘టాలీ వచ్చును’ అనుటకంటె, ‘గొల్లభామ చీరల దుకాణమున మూడు నెలలు జీఎస్టీ బిల్లులు టాలీలో నెక్కించితిని’ అనునది నమ్మదగినది. అట్టి పని చేసియున్నచో అట్లే వ్రాయుడు, చేయనిచో కల్పింపకుడు. కులమతముల ప్రస్తావన మాని, ఒక్క పుటకు కుదించి, పీడీఎఫ్ ఫైలునకు మీ పేరే పెట్టి పంపుడు.

రెండు నెలలిట్లు చేసినను పిలుపు రానిచో, పత్రమును మీ కళాశాల ప్లేస్‌మెంటు అధికారికిగాని, జిల్లా ఉపాధి కల్పనాధికారికిగాని స్వయముగా చూపుడు. ఉద్యోగమిప్పింతుమని డబ్బడుగువారిని నమ్మకుడు. ఆన్‌లైన్‌లో మోసపోయినయెడల తక్షణమే సైబరు నేరముల సహాయవాణి 1930కి ఫోన్ చేయుడు.