ఈ "లేకపోతే" దేనికి చెందుతుంది?

అమ్మ మీతో ఇలా అన్నదనుకోండి: "రేపు సెలవు ఉంటే, ఎండ ఉంటే వడియాలకు కాపలా కూర్చో, లేకపోతే లెక్కలు చెయ్యి."

తెల్లవారింది. సెలవే. కాని మబ్బు పట్టి ఎండ లేదు. ఇప్పుడు మీరేం చెయ్యాలి? "లేకపోతే" అన్న మాట ఎండకు చెందితే లెక్కలు చెయ్యాలి. సెలవుకు చెందితే, సెలవు ఉంది గనుక ఆ మాట మీకు వర్తించదు. హాయిగా ఆడుకోవచ్చు! వాక్యం ఒకటే, అర్థాలు రెండు. అమ్మనైతే మళ్ళీ అడగవచ్చు. కంప్యూటర్ మనల్ని అలా అడగదు గదా!

కంప్యూటర్‌కు ఆదేశాలు రాసే భాషలలోనూ ఈ చిక్కు ఉంది. వాటిలో "ఉంటే" అనడానికి "ఇఫ్", "లేకపోతే" అనడానికి "ఎల్స్" వాడతారు. రెండు ఇఫ్‌ల తరువాత ఒకే ఎల్స్ వస్తే అది దేనికి జత? 1960 నాటి ఆల్గాల్ భాష కాలం నుంచీ ఉన్న ఈ సమస్యకు "వేలాడే ఎల్స్" అని పేరు. 1970ల మొదట్లో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో దీనికొక నియమం ఉంది: ఎల్స్ తనకు దగ్గరగా, జత లేకుండా ఉన్న ఇఫ్‌కే చెందుతుంది.

ప్రోగ్రాములు రాసుకొనే సాధనాన్ని ఎడిటర్ అంటారు. ఏ పంక్తి దేని కిందిదో కంటికి తెలియడానికి అది పంక్తులను తనంత తానే కుడివైపుకు జరుపుతుంది. మన వాక్యాన్ని రెండు విధాలుగా అమర్చి చూద్దాం.

మొదటి అమరిక:

సెలవు ఉంటే
    ఎండ ఉంటే
        కాపలా కూర్చో
    లేకపోతే
        లెక్కలు చెయ్యి

రెండవ అమరిక:

సెలవు ఉంటే
    ఎండ ఉంటే
        కాపలా కూర్చో
లేకపోతే
    లెక్కలు చెయ్యి

సి నియమం తెలిసిన ఎడిటర్ మొదటి విధంగా అమరుస్తుంది. నియమం తెలియని ఎడిటర్, లేదా తొందరపాటుతో మీరే, రెండవ విధంగా అమర్చవచ్చు. కాని సి భాష పంక్తుల ముందున్న ఖాళీలను లెక్కచెయ్యదు. దానికి రెండూ ఒకటే! కన్ను ఒకటి చదువుతుంది, యంత్రం మరొకటి చేస్తుంది.

ఇది చిన్న పొరపాటు కాదు. 2014లో ఆపిల్ ఫోన్ల ప్రోగ్రాములో ఒక పంక్తి పొరపాటున రెండుసార్లు పడినట్లు బయటపడింది. రెండవదీ కుడికి జరిగి ఉండడంతో అదీ ఇఫ్ కిందిదేననిపించింది. నిజానికి ఆ ఇఫ్‌కు చెందినది ఒక్క పంక్తే. రెండవది ప్రతిసారీ అమలు జరిగి, వెబ్‌సైటు అసలైనదా కాదా అని చూసే ఒక ముఖ్యమైన పరీక్షను దాటవేసింది. ఆ ఫిబ్రవరిలో దాన్ని సరిదిద్దారు.

మరి ఉపాయం? సమితులు రాసేటప్పుడు మీరు వాడే వంకర బ్రాకెట్లలో ప్రతి ఇఫ్ పరిధినీ బంధించడమే. 1991లో వెలువడిన పైథాన్ భాష మరో దారి పట్టింది. అందులో పంక్తిని జరపడమే అర్థాన్ని నిర్ణయిస్తుంది. అందుకే అక్కడ ఎల్స్‌ను ఎక్కడ నిలపాలో ఎడిటర్ ఊహించలేదు. నిర్ణయం మీదే.

ఇప్పుడు పంక్తులను జరపకుండా, ఒకే అర్థం వచ్చేలా అమ్మ మాటను తిరిగి రాయండి. రెండు అర్థాలకూ రెండు వాక్యాలు రాయగలరా?